నగరపు చెత్తకు చోటెక్కడ?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామములో గ్రంథాలయము తలుపులు మూతపడకుండ నిలుచుట సామాన్య విషయము గాదు. పుస్తకములు కొనుట ఒకనాటి పని. చదువరులను నిలుపుకొనుట ప్రతి దినము చేయవలసిన పని. 1901లో హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడును, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడినపుడును ఆ పెద్దల తలంపు ఒక్కటియే: లోకజ్ఞానము తెలుగువానికి తెలుగులో అందవలెనని. ఆ త్రోవలోనే మీరును నడచుచున్నారు. ఆ ధైర్యముతోనే ఈ శుభసందర్భమున కావ్యములను గూర్చి గాక, కొంచెము ముక్కు మూసికొనవలసిన విషయమును గూర్చి మాటలాడ సాహసించుచున్నాను. పెరుగుచున్న నగరపు చెత్తను ఎక్కడ వేయవలెను, ఆ స్థలమును ఎట్లు ఎన్నుకొనవలెను అనునది నేటి నా ప్రసంగ విషయము.

ఈ విషయమును ఇచ్చట ఏల ఎత్తుకొంటినని మీరు అడుగవచ్చును. నేను షేక్‌పేట నివాసిని. అనగా చెత్తను బయటికి పంపు పక్షమువాడను. మీ గ్రామము నగరపు పొలిమేరకు చేరువలోనున్నది. ఆ చెత్త చోటు వెదకికొనుచు వచ్చునది మీ వంటి గ్రామములకే. ఈ ఉభయపక్షములవారును ఒక్క పందిరి క్రింద కూర్చుండి ఈ మాట చెప్పుకొను అవకాశము తరచుగా రాదు.

ముందుగా లెక్క చూతము. 1951 జనాభా లెక్కలలో హైదరాబాదు నగర జనసంఖ్య సుమారు 11 లక్షలు. 2007లో చుట్టుపట్ల పురపాలక సంఘములను కలిపి మహానగర పాలక సంస్థను ఏర్పరచిన పిదప, 2011 లెక్కలలో అది 67 లక్షలు దాటినది. ఇటీవలి సంవత్సరములలో ఈ మహానగరమున దినమునకు సుమారు 7,000 టన్నుల చెత్త పుట్టుచున్నది. లారీకి పది టన్నుల చొప్పున లెక్కించినచో దినమునకు ఏడు వందల లారీలు. సంవత్సరమునకు ఇరువదియైదు లక్షల టన్నులు. పండుగ నాడు అది తగ్గదు సరికదా, మరికొంత పెరుగును.

మన పెద్దల కాలమున పల్లెలో చెత్తయను సమస్య లేదు. పెరటిలో పెంటకుప్ప యుండెడిది. పేడ, బూడిద, ఊడ్చిన ఆకు, కూరల తొక్కలు అందు చేరెడివి. తొలకరికి ముందు బండ్లకెత్తి పొలమునకు తోలెడివారు. చేను తిన్నది మరల చేనికే చేరెడిది. నేటి చెత్తలో సగమునకు పైగా అట్టి తడి వస్తువులే కలవు. కాని వానితోడనే ప్లాస్టిక్కు సంచులు, గాజు పెంకులు, పాత బ్యాటరీలు, పగిలిన ట్యూబులైట్లు, మందుల సీసాలు కలిసిపోవుచున్నవి. ఈ కలయికయే కీడునకు మూలము. విడివిడిగా నున్నపుడు ఒకటి ఎరువగును, మరియొకటి పాత సామానుల వ్యాపారికి సరకగును. కలిసిన తరువాత రెండును పనికిరానివగును.

అట్లు కలిసిన చెత్తను గుట్టగా పోసినపుడు ఏమి జరుగును? అడుగుభాగమునకు గాలి అందదు. గాలి లేనిచోట కుళ్లునపుడు మీథేను అను మండెడు వాయువు పుట్టును. అందువలననే చెత్తగుట్టలు వేసవిలో తమంతతామే అంటుకొని, దినముల తరబడి పొగలు క్రక్కుచుండును. ఇక వాన. హైదరాబాదు ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 80 సెంటీమీటర్ల వర్షము పడును. అనగా ఒక్క ఎకరముపై పడు నీరు 32 లక్షల లీటర్లు. అందు కొంత ఆవిరియైపోగా, మిగిలినది గుట్టలోనికి దిగి, కుళ్లిన పదార్థములను, లోహముల అంశములను కరగించుకొని, నల్లని కషాయమువలె అడుగునుండి ఊరును. ఈ నల్లని ఊట ఎటు పోవునను ప్రశ్నయే స్థలనిర్ణయమునకు మొదటి ప్రశ్న.

ఇప్పుడు మన నగరపు చరిత్రను చూతము. ఒకప్పుడు హైదరాబాదు చెత్త ఆటోనగర్, గంధంగూడ వంటి చోట్ల చేరెడిది. ఆటోనగర్ చెత్తదిబ్బ జింకలకు ఆలవాలమైన మహావీర హరిణ వనస్థలిని ఆనుకొనియుండెడిది. ఆ చోట్లు నగరము నడుమకు వచ్చిన తరువాత, ఈశాన్య దిక్కున జవహర్‌నగర్ నగరపు చెత్తకు ప్రధాన స్థానమైనది. అక్కడ సుమారు 340 ఎకరముల భూమి కలదు. అనేక సంవత్సరములు అడుగున ఏ ఏర్పాటును లేకుండగనే లారీలు పోసిపోయినవి. కోటి టన్నులకు పైగా చెత్త కొండయై నిలిచినది. నల్లని ఊట ప్రక్కనున్న మల్కారం చెరువులోనికి దిగినది. దమ్మాయిగూడ, హరిదాస్‌పల్లి, చెన్నాపురం ప్రాంతముల ప్రజలు దుర్వాసనతోను, చెడిన బోరునీటితోను ఏండ్ల తరబడి బాధపడిరి.

తరువాత దిద్దుబాట్లు జరుగలేదని నేను చెప్పను. పాత గుట్టపై మట్టియు, నీరు దిగని రేకును పరచి కప్పివేసిరి. 2020లో అక్కడనే చెత్తను మండించి 19.8 మెగావాట్ల విద్యుత్తును పుట్టించు కర్మాగారము ప్రారంభమైనది. 2022లో చెరువు నీటిని శుద్ధిచేయుటకు ప్రత్యేకముగా ఏర్పాటు జరిగినది. ఇవి మంచి పనులే. కాని చేతులు కాలిన తరువాత పట్టుకొన్న ఆకులు. ఒక చెరువును చెడగొట్టుటకు ఖర్చు లేదు. మరల మంచిదానిని చేయుటకు కోట్ల రూపాయలు కావలెను. అంత ఖర్చు పెట్టినను పాత నీరు వచ్చునని ఎవ్వరును హామీ ఇయ్యలేరు.

మరి స్థలమును ఎట్లు ఎన్నుకొనవలెను? ఈ విషయమున మన దేశములో నిబంధనలు లేకపోలేదు. 1996లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన అల్మిత్రా పటేల్ వ్యాజ్యము ఫలితముగా 2000లో తొలిమారు నిబంధనలు వెలువడినవి. 2016లో వానిని విస్తరించిరి. ఆ 2016 నిబంధనల సారమును మీకు సులభముగా మనవి చేసెదను. చెత్త పూడ్చు స్థలము నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు దూరముగా నుండవలెను. ఇండ్లకును, రహదారులకును, ఉద్యానములకును, మంచినీటి బావులకును 200 మీటర్ల దూరముండవలెను. నూరు సంవత్సరములలో వరద ముంచిన భూమి పనికిరాదు. విమానాశ్రయమునకు 20 కిలోమీటర్ల దూరము కావలెను. తప్పనిసరియైనచో, అనుమతి పొంది, 10 కిలోమీటర్లకు తగ్గకుండ ఉండవచ్చును. స్థలము ఇరువది, ఇరువదియైదు సంవత్సరములకు సరిపోవలెను. మూసివేసిన తరువాత పదునైదు సంవత్సరములు దానిని కనిపెట్టియుండవలెను.

అడుగుభాగము ఎట్లుండవలెనో కూడ నిబంధనలు చెప్పినవి. 90 సెంటీమీటర్ల మందమున బంకమట్టిని దిమ్మిస కొట్టి పరచవలెను. అది ఎంత గట్టిగా నుండవలెననగా, నీరు సంవత్సరమునకు మూడు సెంటీమీటర్లు మాత్రమే దానిలో దిగవలెను. దానిపై ఒకటిన్నర మిల్లీమీటరు మందముగల గట్టి ప్లాస్టిక్కు రేకును అతుకులు విడకుండ పరచవలెను. భూగర్భజలము ఆ మట్టిపొరకు కనీసము రెండు మీటర్ల క్రిందనుండవలెను. ఊరిన నీటిని గొట్టముల ద్వారా తోడి శుద్ధి చేయవలెను.

ఇవి దేశమునకంతకును ఒక్కటిగా వ్రాసిన కొలతలు. మన తెలంగాణపు నేల స్వభావమును బట్టి వీనికి తోడు మరి మూడు విషయములను ఆలోచింపవలెను.

మొదటిది రాతినేల. గోదావరి డెల్టాలోవలె ఇక్కడ నీరు ఇసుక పొరలలో నిండియుండదు. మన క్రింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. పైనున్న మొరములోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు సంచరించును. ఆ పగులు ఎటు పోవునో పైనుండి కంటికి కనిపించదు. బోరు వేయించిన రైతు ఎవ్వనిని అడిగినను ఈ సంగతి చెప్పును: ఒక బోరులో నీరు పడును, పది బారల దూరమున మరియొకటి ఎండిపోవును. అదే విధముగా చెడునీరు ప్రక్కబావిని విడిచి, అర మైలు దూరముననున్న బావిలో తేలవచ్చును. కాబట్టి 200 మీటర్ల దూరమున నున్నదను ఒక్క మాటతో తృప్తిపడరాదు. పగుళ్లు పోవు దిక్కును భూగర్భ శాస్త్రజ్ఞులచే పరీక్ష చేయింపవలెను. వదలివేసిన రాతి క్వారీలు చూచుటకు తయారుగా నున్న గోతులవలె కనబడును. చెత్తకు తగినవని తోచును. కాని మందుగుండు ప్రేలుళ్లతో వాని గోడలనిండ పగుళ్లు ఏర్పడియుండును. అనేక క్వారీల అడుగున ఊటనీరు నిలిచియుండును. అట్టి గోతిలో చెత్త వేయుట నూతిలో వేయుటతో సమానము.

రెండవది గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలమునుండియు మన ప్రాంతమున ఒక చెరువు అలుగు పారినచో ఆ నీరు క్రింది చెరువునకు, అది నిండి దాని దిగువకు, ఇట్లు మెట్లు మెట్లుగా పారునట్లు పెద్దలు కట్టిరి. ఎగువ చెరువు ప్రక్కన చెత్త వేసినచో ఆ నీరు ఒక్క ఊరితో ఆగదు. గొలుసులోని ప్రతి ఆయకట్టునకు చేరును. 1908 మూసీ వరద తరువాత నగరమునకు త్రాగునీటికై కట్టబడిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల ఎగువ ప్రాంతమును కాపాడుటకే 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువు వెలువరించి, 84 గ్రామములలో కాలుష్య పరిశ్రమలను నిషేధించినది. నగరము త్రాగు నీటికి ఇట్టి రక్షణ అవసరమని గ్రహించినపుడు, గ్రామము త్రాగు నీటికిని, దాని చెరువునకును అట్టి విచారణయే జరుగవలెనుగదా!

మూడవది ఆకాశము. చెత్త యున్నచోట గ్రద్దలు, కాకులు, కొంగలు మూగును. అవి విమానములకు ప్రమాదము. మీ గ్రంథాలయమున హైదరాబాదు పటము ఉన్నచో ఒక వృత్తలేఖిని తీసికొని చూడుడు. నగరము నడుమ బేగంపేట, ఈశాన్యమున హకీంపేట, వాయవ్యమున దుండిగల్, దక్షిణమున శంషాబాదు. ఈ నాలుగింటి చుట్టును 20 కిలోమీటర్ల వలయములు గీచి, పడమట రెండు సాగరముల ఎగువ భూమిని, ఆపై అడవులను, చెరువులను తీసివేసినచో మిగులు చోటు ఎంత? జవహర్‌నగర్ కూడ హకీంపేటకు ఆమడ దూరము లోపుననే యున్నది. ఈ పటమును ఒక్కమారు గీచి చూచినవానికి, నగరము చుట్టును చెత్తకు ఖాళీ చోటు దండిగా కలదను భ్రమ పోవును.

ఇక్కడ మా షేక్‌పేట సంగతి చెప్పవలసియున్నది. అది ఒకనాడు గోలకొండ కోటకు చేరువనున్న పల్లె. కుతుబ్‌షాహీల నాటి సరాయి, మసీదు నేటికిని అక్కడ నిలిచియున్నవి. దాని ప్రక్కనున్న జూబిలీ హిల్స్ బండరాళ్ల గుట్టలు. సేద్యము అంతంతమాత్రము, జనము తక్కువ. 1950లో ఎవరైన నగరమునకు దూరముగా, పంటలు లేని, జనము లేని రాతిభూమిని చెత్తకై వెదకియున్నచో ఆ గుట్టలే తగినవని తేల్చి యుండెడివారేమో! అదృష్టవశమున అట్లు జరుగలేదు. 1976లో ఆ ప్రాంతమున అన్నపూర్ణా స్టూడియో వెలసినది. మద్రాసునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమముగా తరలివచ్చినది. ఫిలింనగర్ ఏర్పడినది. నేడు అక్కడ గజము భూమి ధర వినిన గుండె ఝల్లుమనును. ఆనాడు ఊరి వెలుపల అనుకొన్నది నేడు నగరపు నడిబొడ్డు.

ఆటోనగర్‌కు జరిగినదియు ఇదియే, జవహర్‌నగర్‌కు జరిగినదియు ఇదియే. స్థలము ఎన్నుకొన్ననాడు అవి ఊరి బయటనే యుండెను. ఇరువది సంవత్సరములలో ఊరు వాని చుట్టును పెరిగినది. కావున నేను మీ ముందుంచదలచిన ముఖ్యమైన మాట ఇది: పెరుగుచున్న నగరమునకు "వెలుపల" అనునది శాశ్వతమైన చోటు గాదు. నేడు ఎవరును లేరని ఎన్నుకొన్న చోట రేపు ఎవరో ఒకరు కాపురముందురు. చెత్తను ఒక ఊరినుండి మరియొక ఊరికి జరుపుచు పోవుట స్థలనిర్ణయము గాదు, వాయిదా మాత్రమే.

ఇటీవలి ఉదాహరణము మీకు తెలిసినదే. సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలములో ప్యారానగర్ వద్ద సుమారు 150 ఎకరములలో నగరపు చెత్తకు కేంద్రము నెలకొల్పదలచి, 2025 ఫిబ్రవరిలో పనులు మొదలుపెట్టగా, నల్లవల్లి, ప్యారానగర్, గుమ్మడిదల ప్రజలు ఆందోళనకు దిగిరి. అది శాస్త్రీయముగా చెత్తను శుద్ధిచేయు కేంద్రమని అధికారులు చెప్పిరి. మా చెరువులు, పొలములు, నర్సాపూరు అడవి ఏమగును, దుండిగల్ వైమానిక శిక్షణాలయమునకు పక్షుల ప్రమాదము లేదా అని ప్రజలు అడిగిరి. వ్యవహారము ఉన్నత న్యాయస్థానము వరకు పోయినది. దానిపై తీర్పు చెప్పుటకు నేను రాలేదు. కాని వారు అడిగిన ప్రశ్నలు సరియైన ప్రశ్నలు. అవి పని మొదలు కాకముందే, అడుగకముందే, సమాధానము చెప్పబడవలసిన ప్రశ్నలు.

ఊరివారు అడుగుటకు చట్టము త్రోవ చూపినది. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము ఇట్టి సామూహిక కేంద్రములకు ముందుగా అనుమతి పొందవలెను. ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగవలెను. ముప్పది దినములు ముందుగా ప్రకటింపవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలోను ఉండవలెను. అట్టి సభకు పోవువారు ఈ అయిదు ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని పోవలెనని నా మనవి. ఒకటి, ఇక్కడ పడిన వాన ఏ వాగుద్వారా ఏ చెరువునకు పోవును? రెండు, రాతి పగుళ్లను, బోరునీటిని పరీక్షించిరా, ఆ ఫలితములెక్కడ? మూడు, జూన్ మొదలు సెప్టెంబరు వరకు పడమటి గాలి వీచునపుడు వాసన ఏ ఊరిపై పడును? నాలుగు, తడి, పొడి కలిసిన చెత్త వచ్చునా, వేరుచేసినది వచ్చునా? అయిదు, మూసివేసిన తరువాత పదునైదు సంవత్సరములు కాపలా కాయుటకు ధనము ఎవరి వద్ద జమ చేయబడినది? కోపముతో వేసిన నూరు కేకలకంటె ఈ అయిదు ప్రశ్నలకు బలమెక్కువ.

ఇది మన ఒక్కరి బాధ గాదు. ఫిలిప్పీను దేశములో మనీలా నగరపు పయాటస్ చెత్తగుట్ట 2000 జూలైలో వానలకు విరిగిపడి రెండు వందలమందికి పైగా బలిగొన్నది. 2017 మార్చిలో ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో అట్లే నూరుమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు ఆ గుట్టలపై పాత సామానులు ఏరుకొని బ్రతుకు పేదలు, వారి బిడ్డలు. మన జవహర్‌నగర్‌లోను అట్లు ఏరుకొని బ్రతుకువారు కలరు. స్థలము మార్చునపుడు వారి జీవనమును గూర్చియు ఆలోచింపవలసియున్నది.

కేరళలో తిరువనంతపుర నగరము తన చెత్తను 2000 సంవత్సరము నుండి విలప్పిల్‌శాల యను గ్రామమునకు పంపెడిది. గ్రామస్థులు బాధపడి, ఎదిరించి, 2011 డిసెంబరులో ఆ కేంద్రమును మూయించిరి. నగరమునకు మరియొక చోటు దొరకలేదు. గత్యంతరము లేక ఇంటింట తడిచెత్తను ఎరువు చేయు తొట్లు, పేటపేటకు చిన్న ఎరువు కేంద్రములు పెట్టుకొనుట నేర్చినది. చోటు దొరకకపోవుటయే దానికి గురువైనది.

మన నగరములోను 2015లో తడికొక బుట్ట, పొడికొక బుట్ట పంచిరి. ఇంటింటికి వచ్చు ఆటోలు ఏర్పడినవి. జీడిమెట్లలోను ఫతుల్లగూడలోను కూలగొట్టిన ఇండ్ల ఇటుకలను, కాంక్రీటును పిండిచేసి మరల వాడు కేంద్రములు వచ్చినవి. సాధనములు కలవు, అలవాటు చాలదు. బుట్టలు రెండున్నను ఆటోలో రెండును ఒక్కటే యైన ఇండ్లు మా పేటలో ఎన్నియో! ఇంట గెలిచి రచ్చ గెలువవలెనన్నారు. 7,000 టన్నులలో తడి సగము ఇంటివద్దనో పేటలోనో ఎరువైనచో, గ్రామమునకు పోవు లారీలు సగమగును; నల్లని ఊటకు మూలమైన కుళ్లు తగ్గును; 25 సంవత్సరములకని ఎన్నుకొన్న స్థలము 50 సంవత్సరములు వచ్చును. స్థలము వెదకుట ఇంజనీరు పనియే. కాని ఆ స్థలము ఎంత పెద్దదిగా నుండవలెనో నిర్ణయించునది మా వంటింటి గడప.

చెత్త పూడ్చు స్థలము అసలే వలదని నేను అనుట లేదు. ఎంత వేరుచేసినను కొంత మిగులును. దానికి ఎక్కడనో చోటు కావలెను. ఆ చోటు నీటి త్రోవకు దూరముగా, అడుగు గట్టిగా, ప్రక్కవారికి తెలిసి, వారి సమ్మతితో, చిన్నదిగా నుండవలెను. అందులకు ప్రతిఫలముగా ఆ గ్రామమునకు మంచినీరు, వైద్యము, పరీక్షల ఫలితములు నెలనెల తెలుపు ఏర్పాటు నగరము తన బాధ్యతగా సమకూర్చవలెను.

ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన సేవ యొకటి కలదు. మీ ఊరి చెరువులు, వాగులు, బావులు చూపు పటమును గీయించి ఈ గోడపై తగిలింపుడు. సంవత్సరమునకు రెండుమార్లు, వానలకు ముందును తరువాతను, నాలుగు బావుల నీటిని పరీక్ష చేయించి ఆ కాగితములను ఒక పుస్తకముగా కుట్టి భద్రపరచుడు. ఏదైన కేంద్రము వచ్చిననాడు, పూర్వము మా నీరు ఇట్లుండెడిదని చూపుటకు అంతకుమించిన సాక్ష్యము లేదు. ఆ పుస్తకమునకు వెల లేకున్నను, మీ అలమారులోని విలువగల గ్రంథములలో అదియు ఒకటి యగును.

మీ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి మీ చెరువు నిండి అలుగు పారుచుండుగాక యని కోరుచున్నాను.